గీతలు చూపించే ముందు చప్పుడు వినిపించు

అమ్మాయీ,

గ్రాఫిక్ నొటేషన్, అంటే సంగీతాన్ని గీతలతో, బొమ్మలతో రాసే పద్ధతి, దాని చరిత్ర పాఠం నీకు అప్పగించారని, అప్పుడే బోలెడు బొమ్మలు పోగుచేశానని రాశావు. ఆ రెండో మాటే నన్ను కంగారు పెట్టింది. మొదటిసారి ఈ పాఠం చెప్పినప్పుడు నేనూ అదే పని చేశాను. స్వరకర్త కార్నీలియస్ కార్డ్యూ గీతలతో, ఆకారాలతో రాసిన ‘ట్రీటీస్’ పుటలు తెర మీద వరసగా వేస్తూ పోయాను. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. చివర్లో ఒక కుర్రవాడు లేచి, “ఇది ఎలా వినిపిస్తుందండీ?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ గంటంతా నేను చెప్పింది చిత్రలేఖనం పాఠం.

అందుకని మొదటి రోజు బొమ్మ బయటికి తీయకు. ఏదైనా ఒక చప్పుడు వినిపించు, కిర్రుమనే తలుపైనా సరే. స్వరాలూ తాళాలూ వాడకుండా దాన్ని కాగితం మీద పెట్టమను. ఆ కాగితాన్ని, చప్పుడు వినని ఇంకొకరి చేతికిచ్చి పలికించమను. నవ్వులు లేస్తాయి, ఆ తరువాత వాదనలు మొదలవుతాయి. “నేను రాసింది అది కాదు” అని ఎవరో ఒకరు అంటారు. నీ పాఠం అక్కడ మొదలుపెట్టు.

ఈ చరిత్రను 1950 నుంచి ఎత్తుకుంటే, బొమ్మలతో రాయడం అప్పటి వాళ్ల వింత కోరికలా కనబడుతుంది. కాస్త వెనక్కి వెళ్లు. 9వ శతాబ్దపు న్యూమ్‌లు, అంటే యూరప్ చర్చి పాటల మాటల మీద పెట్టిన గుర్తులు, పాట పైకి వెళ్లేదీ కిందికి దిగేదీ చూపేవి, ఎంత ఎత్తుకో చెప్పేవి కావు. పాట ముందే వచ్చినవాడికి అవి జ్ఞాపకపు గుర్తులు. ఎన్నడూ వినని పాటను కూడా చూసి పాడగలగాలని 11వ శతాబ్దంలో ఇటలీ సన్యాసి గైడో, గీతల మీద స్వరాలు రాసే పద్ధతిని స్థిరపరిచాడు. మన సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో కంపితం, జారు లాంటి గమకాలకు (స్వరాన్ని ఊపడం, జార్చడం) వేరువేరు గుర్తులు పెట్టింది కూడా ఒక ఇబ్బంది తీర్చడానికే: స్వరాక్షరం ఒక్కటే గమకాన్ని పట్టుకోలేదు. ప్రతి లిపి దగ్గరా “ఉన్నదానితో వీళ్లకు వచ్చిన చిక్కేమిటి?” అని అడిగించు.

మొదటి నుంచీ ఒక పరీక్ష అలవాటు చెయ్యి: బొమ్మ మారిస్తే శబ్దం మారుతుందా? పాతకాలపు ఫ్రెంచ్ స్వరకర్త బోద్ కోర్డియే గుండె ఆకారంలో రాసిన పాట ఉంది చూడు, దాన్ని మామూలు వరసల్లో తిరగరాసినా పాట పాటగానే ఉంటుంది. అది అందం, వేరే లిపి కాదు. అమెరికన్ స్వరకర్త మార్టన్ ఫెల్డ్‌మన్ ‘ప్రొజెక్షన్ 1’ (1950) అలా కాదు. చెల్లో కోసం గీసిన ఆ గళ్లలో పై, మధ్య, కింది స్థాయిలనే చెప్పాడు, ఏ స్వరమో వాయించేవారికే వదిలాడు. గడి వెడల్పు ఎంతసేపో చెబుతుంది. ఆ తరువాత ఆయనే దీనితో తృప్తి పడలేదు. శబ్దానికి స్వేచ్ఛ ఇద్దామనుకుంటే అది వాయించేవాడి చేతికి పోయిందని గ్రహించాడు. ఈ సంగతి తప్పక చెప్పు. ఫలించని ప్రయత్నాలను దాచిపెడితే చరిత్ర భజనగా మారుతుంది.

స్వరకర్త లిగెటి ‘ఆర్టిక్యులేషన్’ దగ్గర జాగ్రత్త. ఆ రంగురంగుల పటం చూసి, సంగీతం దాని నుంచే పుట్టిందనుకుంటారు పిల్లలు. సంగీతం 1958లో టేపు మీద కూర్చిన ఎలక్ట్రానిక్ శబ్దాలు. పటాన్ని రైనర్ వేహింగర్ వినేవారి కోసం 1970లో గీశాడు. స్వరకర్త పెండెరెత్స్కీ ‘త్రెనడీ’ గురించి, 52 తంత్రీవాద్యాలు, సెకన్లలో కొలిచిన కాలం, ‘వీలైనంత పై స్వరం’ అని చెప్పే నల్ల త్రికోణం చూపిస్తే చాలు.

స్వరకర్త ఎర్ల్ బ్రౌన్ ‘డిసెంబర్ 1952’కు మాత్రం పూర్తిగా ఒక గంట కేటాయించు. తెల్ల కాగితం మీద విడివిడిగా నిలువు, అడ్డ గీతలు, దీర్ఘచతురస్రాలు, అంతే. ఎటు తిప్పి అయినా, ఎక్కడి నుంచయినా మొదలుపెట్టవచ్చు. ముగ్గురి చేత వేరువేరుగా వాయింపించు. “అయితే ఏం వాయించినా ఒప్పేనా?” అని ఎవరో అడుగుతారు. నువ్వు తీర్పు చెప్పకు. ఆ గీత అంత మందంగా ఉంటే నువ్వెందుకు అంత తక్కువ శబ్దంతో వాయించావని వాళ్లలో వాళ్లనే నిలదీసుకోనివ్వు.

‘ట్రీటీస్’ చివరికి ఉంచుకో. 193 పుటల్లో రెండు చాలు. ఎలా వాయించాలో అందులో ఒక్క ముక్క రాసిపెట్టలేదు. పుట అడుగున ఖాళీ స్టాఫ్‌లు (స్వరాలు రాసే అయిదు గీతల వరసలు) రెండు మాత్రం ఉంటాయి. అవి ఎందుకున్నాయో వాళ్లనే తేల్చుకోమను. నువ్వూ ఒక వాద్యం పట్టుకుని వాళ్ల మధ్య కూర్చో. ఆ రోజు నేను తప్పించుకున్నాను, నువ్వు తప్పించుకోకు.

ఆశీస్సులతో,
నీ పాత మాస్టారు