వాట్ ఆవిరి ఇంజిన్‌కు 250 ఏళ్లు: ఏ తేదీ పెట్టుకోవాలి?

కాలేజీ మెకానికల్ విభాగంలో వాట్ ఇంజిన్ వార్షికోత్సవం చేద్దామంటే 1765, 1769, 1776 మూడూ కనిపిస్తున్నాయని, బల్ల మీద చూపే ప్రయోగం కూడా ఒకటి చెప్పమని అడిగారు.

1776 మార్చి 8 పెట్టుకోండి. ఇంగ్లండ్‌లో టిప్టన్ దగ్గరి బ్లూమ్‌ఫీల్డ్ బొగ్గుగనిలో నీళ్లు తోడే ఇంజిన్‌ను జనం ముందు నడిపింది ఆ రోజే. 1765 ఆలోచన తట్టిన ఏడాది, 1769 జనవరి 5 పేటెంట్ తేదీ. అప్పటికి గనిలో పనిచేసే వాట్ ఇంజిన్ లేదు. మార్చి 8 మహిళా దినోత్సవం కూడా కాబట్టి హాలు ముందే అడిగి పెట్టుకోండి.

ఆలోచనకూ ఇంజిన్‌కూ మధ్య పదకొండేళ్లు ఎందుకు పట్టాయన్నదే అసలు చెప్పాల్సిన విషయం. వాట్‌కు ముందు వాడుకలో ఉన్న న్యూకమెన్ ఇంజిన్‌లో ఆవిరి నిండిన సిలిండర్‌లోకే చన్నీళ్లు చిమ్మేవారు. ఆవిరి నీరై లోపల ఖాళీ ఏర్పడితే బయటి గాలి పిస్టన్‌ను కిందికి నొక్కేది. అయితే ప్రతి స్ట్రోక్‌కూ సిలిండర్ చల్లారేది, దాన్ని మళ్లీ వేడిచేయడానికి బొగ్గు తగలబడేది. వాట్ ఆవిరిని పక్కనున్న వేరే పాత్రలో, అంటే కండెన్సర్‌లో చల్లబరిచి, సిలిండర్‌ను వేడిగానే ఉంచాడు.

దాంతో కొత్త చిక్కు వచ్చింది. న్యూకమెన్ పిస్టన్ మీద నీళ్లు నిలవబెట్టి సందులు మూసేవారు. వేడి సిలిండర్‌లో అది కుదరదు, కాబట్టి సిలిండర్ లోపలే నికరంగా గుండ్రంగా ఉండాలి. సిలిండర్ లోపలి గోడను తొలిచే కట్టర్‌ను మోసే కడ్డీకి, అంటే అప్పటి బోరింగ్ బార్‌కు ఒక కొసనే ఆధారం. బార్ కట్టర్ బరువుకు వంగి, పోతలో వచ్చిన వంకరలోనే నడిచేది. ఇనుప కార్ఖానాల యజమాని జాన్ విల్కిన్సన్ 1775లో బార్‌ను సిలిండర్ ఈ చివర నుంచి ఆ చివరకు దూర్చి రెండు కొసలా ఆధారమిచ్చాడు. టిప్టన్‌కు పంపిన 50 అంగుళాల సిలిండర్‌లో తేడా పాత షిల్లింగ్ నాణెం మందమైనా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ రాశాడు. మీ పోస్టర్ మీద విల్కిన్సన్ పేరు లేకపోతే కథ సగమే చెప్పినట్టు.

ప్రయోగానికి 300 మి.లీ. అల్యూమినియం కూల్‌డ్రింక్ డబ్బా చాలు. మూడు టీస్పూన్ల నీళ్లు పోసి, మూత లేకుండా మరిగించండి. ఆవిరి ధారగా రావడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఆగి, పట్టకారుతో పట్టుకుని చన్నీళ్ల బేసిన్‌లో బోర్లించండి. మూతి నీళ్లలో రెండు సెంటీమీటర్లు మునగాలి. డబ్బా ఒక్క దెబ్బకు నలిగిపోతుంది.

నలగలేదంటే చాలాసార్లు తొందరపడటమే కారణం. డబ్బాలో మిగిలిన గాలి చల్లబడినా నీరు కాదు, ఒత్తిడిని నిలబెడుతుంది. కండెన్సర్‌లో చేరే గాలినీ నీటినీ తోడేయడానికి వాట్ ఎయిర్ పంప్ పెట్టింది ఇందుకే. నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా వేడిచేస్తే పలుచని డబ్బా కరుగుతుంది. మూత బిగించిన డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మంట మీద పెట్టకండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.