పాత కంప్యూటర్‌లోని తెలుగు ఫైళ్లు కొత్త ల్యాప్‌టాప్‌లోకి ఎలా?

ప్రశ్న: మా ఇంట్లోని డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఇప్పటికీ విండోస్ 7 నడుస్తోంది. పిల్లల ఫొటోలతో పాటు, శతకాలపై మా నాన్నగారు రాసిన వ్యాఖ్యానాన్ని అప్పట్లో డీటీపీ చేయించిన ఫైళ్లు కూడా అందులోనే ఉన్నాయి. అవన్నీ అను ఫాంట్లలో ఉన్న వర్డ్ ఫైళ్లు. వాటిలో ఒకదాన్ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఏవో పిచ్చి గుర్తులు కనిపించాయి. 55,000 రూపాయల లోపు కొత్త ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నాను. ఎలాంటిది కొనాలి? ఫైళ్లను అందులోకి ఎలా మార్చుకోవాలి?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, మల్కాజిగిరి

జవాబు: ముందుగా మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. ల్యాప్‌టాప్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు కానీ, మీ నాన్నగారి వ్యాఖ్యానానికి సంబంధించిన పని మాత్రం పాత కంప్యూటర్ నడుస్తుండగానే పూర్తి కావాలి.

మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో పిచ్చి గుర్తులు కనిపించినంత మాత్రాన ఫైలు పాడైనట్టు కాదు. అను వంటి పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినప్పుడు, ఫైలులో నమోదయ్యేవి నిజానికి ఇంగ్లీషు అక్షరాలకూ, ఇతర గుర్తులకూ కేటాయించిన సంకేతాలే. వాటిని తెలుగు అక్షరాల ముక్కలుగా గీసి చూపించేది ఆ ఫాంటు. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఆ గుర్తులే బయటపడతాయి. అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు సంకేతాలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి కూర్పు నుంచే చోటు ఉంది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా ప్రెస్సులు, డీటీపీ సెంటర్లు చాలాకాలం పాత పద్ధతిలోనే పని చేశాయి. అందువల్ల మీలాగే ఎన్నో ఇళ్లలో స్మారక సంచికలూ, వంశవృక్షాలూ, పద్యాలూ ఇలాంటి ఫైళ్లలోనే ఉండిపోయాయి. వాటిని అశ్రద్ధ చేయవద్దని ప్రతి పాఠకుణ్నీ కోరుతున్నాను.

మీరు చేయవలసింది ఇది. పాత కంప్యూటర్‌లో సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోని అను ఫాంట్లన్నింటినీ విడిగా ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. ఆ ఫాంట్లతో టైపు చేయడానికి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ సాఫ్ట్‌వేర్ సీడీ ఉంటే దాన్నీ భద్రపరచండి. తరువాత వ్యాఖ్యానంలోని ప్రతి ఫైలునూ పాత కంప్యూటర్‌లోనే తెరిచి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయని చూసుకుని, పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. వర్డ్ 2010లోనూ, ఆ తరువాతి కూర్పులలోనూ ఈ సౌకర్యం ఉంది. ఫాంటును పీడీఎఫ్ తనలోనే ఇముడ్చుకుంటుంది కనుక, ఆ పుటలు ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా ఉన్నవి ఉన్నట్టుగా కనిపిస్తాయి. అయితే అందులో ఒక పదాన్ని వెతకాలన్నా, ఒక పద్యాన్ని కాపీ చేసి వేరే చోట పెట్టాలన్నా మళ్లీ ఆ పిచ్చి గుర్తులే వస్తాయి. దానికి శాశ్వత పరిష్కారం యూనికోడ్‌లోకి మార్చడమే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మార్చిన తరువాత మాత్రం మూలంతో పోల్చుతూ ప్రూఫ్ దిద్దాలి. ఒత్తులు, వట్రసుడులు, అరుదైన సంయుక్తాక్షరాలు తారుమారవుతుంటాయి. శతక పద్యాలలో అలాంటి తప్పు ఒక్కటి మిగిలినా గణం తప్పుతుంది. తెలుగు చెప్పిన ఉపాధ్యాయులు మీ పరిచయంలో ఉంటే వారి సాయం తీసుకోండి.

ఇక మిగిలిన ఫైళ్ల సంగతి. 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి కొనండి. పని అయిపోయాక కూడా అది రెండో ప్రతిగా ఇంట్లో ఉంటుంది. పాత కంప్యూటర్‌లో యూఎస్‌బీ 2.0 పోర్టులే ఉంటే సెకనుకు సుమారు 30 ఎంబీ వేగమే వస్తుంది కనుక 200 జీబీకి రెండు గంటలు, చిన్న ఫైళ్లు ఎక్కువైతే ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ‘కట్’ ఎప్పుడూ వాడవద్దు, ‘కాపీ’ మాత్రమే వాడండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లతో ఆగకుండా డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డీ డ్రైవ్ కూడా చూడండి. మన ఇళ్లలో ముఖ్యమైనవి తరచుగా డీ డ్రైవ్‌లోనే ‘న్యూ ఫోల్డర్’ పేరుతో ఉంటాయి. కాపీ అయ్యాక రెండు చోట్లా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్యా, పరిమాణమూ సమానంగా ఉన్నాయో లేదో పోల్చండి. కొత్త ల్యాప్‌టాప్‌లో వాటిని తెరవడానికి ముందు వైరస్ స్కాన్ చేయండి. జిరాక్స్ షాపుల్లో తిరిగిన పెన్‌డ్రైవ్‌ల నుంచి వచ్చిన వైరస్‌లు పాత డిస్కుల్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ప్రోగ్రాములను మాత్రం ఇలా కాపీ చేసి తెచ్చుకోలేము, కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవలసిందే.

ఇప్పుడు కొనుగోలు. మీ అవసరాలకు ఇంటెల్ కోర్ ఐ5 లేదా ఏఎమ్‌డీ రైజెన్ 5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఫైళ్లు దాచుకోవడానికి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ సరిపోతాయి. ధర కుదరకపోతే 8 జీబీ ర్యామ్‌తో తీసుకోవచ్చు కానీ, తరువాత పెంచుకునే స్లాటు ఉందో లేదో అడగండి. చాలా మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. నెమ్మదిగా పనిచేసే సెలరాన్ ప్రాసెసర్‌తో, ఎస్‌ఎస్‌డీకి బదులు ఈఎంఎంసీ స్టోరేజీతో తక్కువ ధరకు వచ్చేవాటి జోలికి వెళ్లవద్దు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అనే చోటు, మీకు దగ్గరే కనుక స్వయంగా వెళ్లి చూడమంటాను. మీ వయసుకు 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెర మేలు. షాపులో ఏదైనా తెలుగు దినపత్రిక వెబ్‌సైటు తెరిపించి, చిన్న అక్షరాలలో ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’ వంటి మాటల కింది ఒత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో, పక్క నుంచి చూసినా తెర వెలిసిపోకుండా ఉందో లేదో గమనించండి. ఏ ప్రకటనలోనూ తెలియని విషయం ఆ రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక విండోస్ 11 కంపెనీ నుంచే వచ్చిన ల్యాప్‌టాప్ తీసుకోండి. విండోస్ లేకుండా డాస్‌తో వచ్చేది చౌకగా ఇచ్చి, ‘విండోస్ మేమే వేసిస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. ఎంఎస్ ఆఫీస్ శాశ్వతంగా వస్తుందా, ఏడాది తరువాత డబ్బు కట్టాలా అన్నది ముందే తేల్చుకోండి. రిఫర్బిష్డ్, అంటే వాడినదాన్ని బాగుచేసి అమ్మే ల్యాప్‌టాప్ చూపిస్తే, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తరువాతిదై ఉండాలి. అంతకు ముందువాటిలో దాదాపు వేటినీ విండోస్ 11కు అర్హమైనవిగా మైక్రోసాఫ్ట్ గుర్తించలేదు. జీఎస్టీ బిల్లు మీది సీరియల్ నంబరు, డబ్బా మీదిదీ, ల్యాప్‌టాప్ అడుగునున్నదీ ఒకటేనని అక్కడే సరిచూసుకోండి.

టైపింగ్ కోసం విడిగా ఏమీ కొననక్కర్లేదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ కీబోర్డులు విండోస్‌లోనే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు ఎన్‌క్రిప్షన్, అంటే ఇతరులు చదవలేకుండా డిస్కుకు తాళం వేయడం, దానంతటదే మొదలవుతుంది. తరువాత ఏదైనా రిపేరు జరిగినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది ఆ ఖాతాలోనే ఉంటుంది కనుక ఖాతా పేరూ, పాస్‌వర్డూ డైరీలో రాసి పెట్టుకోండి.

పాత కంప్యూటర్‌ను కొన్ని నెలలపాటు అలాగే ఉంచండి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు హార్డ్‌డిస్క్‌ను తీసి మీ దగ్గరే పెట్టుకోవడం అన్నిటికంటే క్షేమం.

ప్రశ్న: మా పాత డెస్క్‌టాప్ అసలు ఆన్ కావడం లేదు. కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. పాతదానిలోని ఫైళ్లన్నీ పోయినట్టేనా?
— డిగ్రీ విద్యార్థి, ఎల్బీనగర్

జవాబు: చాలావరకు పోయి ఉండవు. ఇలాంటప్పుడు ఎక్కువగా పాడయ్యేది కరెంటు అందించే ఎస్ఎంపీఎస్, లేదా మదర్‌బోర్డు. హార్డ్‌డిస్క్ క్షేమంగానే ఉండవచ్చు. దాన్ని విప్పి తీసి, హార్డ్‌డిస్క్‌కు ఉండే సాటా కనెక్టర్‌ను యూఎస్‌బీకి కలిపే అడాప్టర్‌తో ల్యాప్‌టాప్‌కు పెట్టండి. డెస్క్‌టాప్‌లలో వాడే 3.5 అంగుళాల డిస్కుకు యూఎస్‌బీ ఇచ్చే కరెంటు చాలదు కనుక, విడిగా 12 వోల్టుల పవర్ అడాప్టర్ కూడా ఉన్న రకమే కొనండి. ఫోల్డర్ తెరిచేటప్పుడు అనుమతి లేదని చెబితే ‘కంటిన్యూ’ నొక్కితే సాధారణంగా తెరుచుకుంటుంది. డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే మాత్రం ఒప్పుకోకుండా అక్కడే ఆగిపోండి. డిస్కు లోపల టక్ టక్ మని చప్పుడు వస్తుంటే వెంటనే తీసేయండి. అలాంటి డిస్కును నడిపే కొద్దీ లోపలి పలకలు గీసుకుపోయి, దక్కవలసిన ఫైళ్లు కూడా దక్కకుండా పోతాయి కనుక, డేటా రికవరీ చేసేవారి దగ్గరికే తీసుకెళ్లి, ఖర్చు ఎంతవుతుందో ముందుగా రాతపూర్వకంగా తీసుకుని ఇవ్వండి.