ఆ మాట ఎవరి గురించి?

చిరంజీవికి, ఆశీస్సులు.

వంశవృక్షం ఫైలులోని నోట్సును స్క్రిప్టుతో, అంటే చిన్న ప్రోగ్రాముతో, బయటికి తీసి, వాటి ఆధారంగా కుటుంబ చరిత్ర రాస్తానన్నావు. సంతోషం. తేదీలు ఎక్కడైనా దొరుకుతాయి. మనిషి కోపం, పట్టుదల, చివరి కోరిక దొరికేది ఆ నోట్సులోనే. కానీ నువ్వు పంపిన ఫలితం చూసి దిగులు పడ్డాను. మాటలన్నీ ఉన్నాయి, ఏది ఎవరి గురించో లేదు.

వంశవృక్షాలను దాచే ఆ జెడ్‌కామ్ (GEDCOM) ఫైలు మామూలు టెక్స్టే. ప్రతి పంక్తి మొదట ఉన్న అంకె ఆ పంక్తి ఏ అంతస్తులో ఉందో చెబుతుంది. వ్యక్తి రికార్డులో 1 అంకెతో వచ్చిన నోట్ ఆ మనిషిది. జననం కింద 2 అంకెతో వచ్చినది ఆ జననానిది. ‘రోజంతా వాన’ అన్న మాట పుట్టిన రోజుదా, పోయిన రోజుదా? పైన ఉన్న పంక్తులే చెప్పాలి. అందుకే స్క్రిప్టు చదువుతూ పోయేటప్పుడు పై అంతస్తుల ట్యాగులను, అంటే ఆ పంక్తి దేని గురించో చెప్పే గుర్తు పదాలను, గుర్తుంచుకోవాలి. నోట్ కనబడగానే ఆ వరుస మొత్తం దాని పక్కన రాయించు. కొన్నిచోట్ల నోట్‌కు బదులు దాని గుర్తింపు సంఖ్యే ఉంటుంది, అసలు పాఠం ఫైలులో మరోచోట ఉంటుంది. దాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకుంటే అందరి పేర్లూ ఉంచు.

ఇక పంక్తులను అతకడం. జెడ్‌కామ్ 5.5.1 ప్రమాణంలో పంక్తికి 255 అక్షరాల హద్దు ఉంది కాబట్టి పొడవైన నోట్సు ముక్కలవుతాయి. ‘కాంట్’ (CONT) అన్న ట్యాగు ఉంటే కొత్త పంక్తి. ‘కాంక్’ (CONC) ఉంటే ఖాళీ లేకుండా ముందుదానికి అతకాలి. నేను మొదట్లో రెండింటికీ ఖాళీ పెట్టాను. ఒక వృద్ధురాలి జ్ఞాపకంలో మాటలు మధ్యకు విరిగి కనిపిస్తే, అది ఆమె తడబాటు అనుకుని, ఎంతో ప్రేమతో ఆ తడబాటు గురించే ఒక పేరా రాశాను. ఆమె తడబడలేదు. ఆ పేరా అచ్చయింది, నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

2021లో వచ్చిన 7.0 ప్రమాణం కాంక్‌ను తీసేసింది, అన్ని భాషల అక్షరాలూ రాయగల యూటీఎఫ్-8 సంకేతాలను తప్పనిసరి చేసింది. అయినా నీ చేతికి వచ్చేవి చాలావరకు పాత ఫైళ్లే. అవి ఆన్సెల్ (ANSEL) అనే పాత లిపి సంకేతాల్లో ఉండవచ్చు; ఫైలు మొదట్లో ఉండే శీర్షిక రికార్డులో చూడు. చదవలేని అక్షరాన్ని వదిలేసి ముందుకు పొమ్మని మాత్రం స్క్రిప్టుకు ఎప్పుడూ చెప్పకు. చప్పుడు లేకుండా ఒకరి పేరులోని అక్షరం పోతుంది. అక్కడ ఆగి, తప్పు చూపించమను.

నోట్సులో భాషను దిద్దకు. బతికున్నవారి గురించిన వాటిని వేరుగా పెట్టి, వాళ్లను అడిగాకే వాడుకో.

ఇప్పుడు ఒక్క కుటుంబాన్నే తీసుకుని మళ్లీ నడిపించు. వచ్చినదాన్ని అసలు ఫైలు పక్కన పెట్టుకుని, ప్రతి అతుకూ కళ్లతో చూసి నాకు పంపు. ఈసారి వాన ఏ రోజు కురిసిందో చదవాలని ఉంది.