‘సభాపక్షం’ ఉండగా ‘ఫ్యాక్షన్’ ఎందుకు?

సందేహం: జర్మనీ రాజకీయ నాయకుల గురించి తెలుగులో చిన్న పరిచయాలు రాస్తున్నాను. ఒకచోట ఇలా రాశాను: ‘జర్మనీ మితవాద పార్టీకి దీర్ఘకాలిక పార్లమెంటరీ పార్టీ నేత అయిన వోల్కర్ కౌడర్ 2018లో పదవీ విరమణ చేశారు.’ జర్మన్‌లో ఆయన పదవి పేరు ‘ఫ్రాక్ట్సియోన్’ (చట్టసభలో ఒక్కటిగా పనిచేసే సభ్యుల జట్టు) అధ్యక్షుడు. దాన్ని ‘ఫ్యాక్షన్ నాయకుడు’ అనాలని ఒక మిత్రుడు, ‘సభానాయకుడు’ అనాలని మరొకరు అంటున్నారు. ఏది సరైనది? ఆయన 2011లో అన్న ఒక మాటను ‘ఇప్పుడు యూరప్‌లో జర్మన్ మాట్లాడబడుతోంది’ అని రాశాను. అది బాగుందా?

సమాధానం: ముందుగా ‘ఫ్యాక్షన్’ మాట తీసేయండి. ఫ్రాక్ట్సియోన్, ఫ్యాక్షన్ వినడానికి దగ్గరగా ఉన్నాయి కానీ పుట్టుకలోనే వేరు. ఫ్రాక్ట్సియోన్ అనేది ‘విరగడం’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. లెక్కల్లో మనం భిన్నం అంటామే, దాని ఇంగ్లిషు పేరుకూ మూలం అదే. ఫ్యాక్షన్ ‘చేయడం’ అనే అర్థమున్న మరో లాటిన్ మాట సంతానం. పైగా తెలుగులో ఆ మాటకు స్థిరపడిన అర్థం ఉంది. ఫ్యాక్షన్ అనగానే మనకు రాయలసీమ పల్లెల్లో తరాల తరబడి నడిచిన కక్షలు, బాంబులు, వేటకొడవళ్లు గుర్తుకొస్తాయి. చట్టసభలో సభ్యులను కూడగట్టే పని చేసిన మనిషిని ఫ్యాక్షన్ నాయకుడు అంటే తెలుగు పాఠకుడు ఇంకేదో ఊహించుకుంటాడు.

‘సభానాయకుడు’ కూడా కుదరదు. మన లోక్‌సభలో సాధారణంగా ప్రధానమంత్రే సభానాయకుడు, అంటే మొత్తం సభకు నాయకుడు. కౌడర్ ఆ సభలో ఒక వర్గానికి మాత్రమే నాయకుడు.

ఇక మీరు రాసిన ‘పార్లమెంటరీ పార్టీ నేత’. మన దేశపు వార్తల్లో ఇది చెల్లుతుంది. కౌడర్ దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కుంది. ఆయన నడిపింది ఒక పార్టీ సభ్యులను కాదు, రెండు పార్టీల సభ్యులను. క్రిస్టియన్ సోషల్ యూనియన్ బవేరియాలో మాత్రమే పోటీ చేస్తుంది. క్రిస్టియన్ డెమోక్రటిక్ యూనియన్ మిగతా 15 రాష్ట్రాల్లో పోటీ చేస్తుంది, బవేరియా జోలికి పోదు. పార్టీలు రెండైనా 1949 నుంచి జర్మనీ పార్లమెంటు దిగువ సభ బుండెస్టాగ్‌లో ఒకే జట్టుగా కూర్చుంటున్నాయి. సభలో కనీసం 5 శాతం మంది ఉండాలి, వాళ్లు ఒకే పార్టీ వాళ్లు కావాలి, లేదంటే ఏ రాష్ట్రంలోనూ ఒకదానితో ఒకటి పోటీ పడని పార్టీల వాళ్లు కావాలి. ఫ్రాక్ట్సియోన్‌కు అక్కడి సభా నియమం ఇదే. కాబట్టి ‘పార్టీ’ అనగానే సగం విషయం జారిపోతుంది.

దీనికి సరిగ్గా అతికే మాట మన దగ్గర ఎప్పటినుంచో ఉంది: సభాపక్షం. ‘శాసనసభాపక్ష నేత’ అని పేపర్లో చదువుతూనే ఉంటాం కదా. పక్షం అంటే రెక్క, వైపు, నెలలో సగం. ప్రతిపక్షం, వామపక్షం, అఖిలపక్షం అన్నీ ఆ మాట మీద అల్లుకున్నవే. అందులో ‘పార్టీ ఒక్కటే ఉండాలి’ అన్న షరతు లేదు. రెండు పార్టీలు కలిసిన జట్టునూ అది హాయిగా మోస్తుంది. ‘ఉమ్మడి సభాపక్ష నాయకుడు’ అని రాయండి, సందేహమే ఉండదు.

‘విప్ జారీ చేశారు’ అని మాత్రం ఆయన గురించి రాయకండి. మన దగ్గర విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. జర్మన్ రాజ్యాంగం 38వ అధికరణం ప్రకారం సభ్యులు తమ మనస్సాక్షికి మాత్రమే కట్టుబడి ఉంటారు. 2015 జులైలో గ్రీస్‌కు మూడో విడత సాయం మీద చర్చలకు ఆ సభాపక్షంలోనే 60 మంది వ్యతిరేకంగా ఓటేశారు. అలా ఓటేసినవాళ్లు బడ్జెట్, యూరప్ వంటి కీలక కమిటీల్లో కొనసాగలేరని కౌడర్ అన్నారు. ఆ మాటకు పెద్ద దుమారమే రేగింది. ఇలాంటిచోట ‘హెచ్చరించారు’ అంటే సరిపోతుంది.

‘దీర్ఘకాలిక నేత’ నా చెవికి గుచ్చుకుంది. దీర్ఘకాలిక వ్యాధి, దీర్ఘకాలిక రుణం అంటాం. మనిషికి ఆ విశేషణం తగిలించం. ‘దాదాపు 13 ఏళ్లు సభాపక్ష నాయకుడిగా ఉన్న’ అంటే లెక్కా తెలుస్తుంది, తెలుగూ నిలుస్తుంది. 2005 నవంబరులో ఆంగెలా మెర్కెల్ చాన్సలర్ (ప్రభుత్వాధినేత) అయినప్పుడు, అప్పటిదాకా ఆమె చేతిలో ఉన్న ఆ బాధ్యత కౌడర్‌కు వచ్చింది. ఆ పదవిలో అంతకాలం ఉన్నవారు మరొకరు లేరు.

‘మితవాది’ మీద నాకు పాత ఫిర్యాదే ఉంది. గోఖలే వర్గాన్ని మితవాదులని, తిలక్ వర్గాన్ని అతివాదులని చదువుకున్నవాళ్లం. అక్కడ మితం అంటే మెతకదనం. దాన్నే కుడిపక్షానికి అంటగట్టడంతో, కుడివైపు మరీ చివరనున్న పార్టీలను ‘అతి మితవాద’ అనాల్సి వస్తోంది. అతీ మితమూ ఒకే మాటలో ఎలా ఇముడుతాయి? కౌడర్ వంటివారికి ‘సంప్రదాయవాది’ చాలు. పేరు మాత్రం ఫోల్కర్. జర్మన్‌లో ఆ మొదటి అక్షరం ‘ఫ’గా పలుకుతుంది, ఫోక్స్‌వాగన్ కారు పేరులో లాగే.

2011 నవంబరులో లైప్‌జిగ్ పార్టీ మహాసభలో ఆయన అన్నది ‘ఇప్పుడు ఒక్కసారిగా యూరప్‌లో జర్మన్ మాట్లాడుతున్నారు’ అని. భాష గురించి కాదు, మెర్కెల్ పట్టుబట్టిన ఆర్థిక సాధనాలను ఇతర దేశాలు ఒప్పుకుంటున్నాయని ఆయనే వివరించారు. అయినా ఆ వాక్యం బయటి దేశాల్లో, ముఖ్యంగా బ్రిటన్‌లో, చాలామందికి కష్టం కలిగించింది. జర్మన్ వాక్యంలో మాట్లాడేవాళ్లెవరో లేదు, అందుకే మీరు ‘బడు’ తెచ్చారు. తెలుగుకు ఆ అవసరం లేదు. ‘మా ఊళ్లో ఉర్దూ కూడా మాట్లాడతారు’ అంటే ఎవరు అని ఎవరూ అడగరు. కర్తను చెప్పకుండా క్రియను బహువచనంలో ఉంచితే చాలు.

చివరిగా ‘పదవీ విరమణ’. ఇది భాషాదోషం కాదు, వాస్తవదోషం. 2018 సెప్టెంబరు 25న సభాపక్షంలో జరిగిన రహస్య ఓటింగులో రాల్ఫ్ బ్రింక్‌హౌస్‌కు 125, కౌడర్‌కు 112 ఓట్లు వచ్చాయి. మెర్కెల్ బలపరిచిన మనిషి కౌడరే. ఫలితం వచ్చాక ఆమె, ఇది ప్రజాస్వామ్య ఘడియ, ఇందులో ఓటములూ ఉంటాయి, దీనికి పైపూతలు పూయాల్సిందేమీ లేదు అన్నారు. అంతటి ఆత్మీయురాలే మసిపూసి మారేడుకాయ చేయనప్పుడు మనం ఎందుకు చేయాలి? ‘ఓడిపోయారు’ అనే రాయండి. విరమణ అనే మాట వాడాలనుకుంటే 2021కి దాచుకోండి. 1990 నుంచి బుండెస్టాగ్ సభ్యుడిగా ఉన్న ఆయన ఆ ఏడాది ఎన్నికల్లో పోటీ చేయలేదు.