ఎండకి కొదవ లేదు, దాచుకునే ఏర్పాటే లేదు

"దేశానికి కావలసిన కరెంటంతా సోలార్‌తో వచ్చేస్తుందా, బొగ్గు మానేయొచ్చా?" అని అడిగారు. ఎండ చాలినంత ఉంది. బ్యాటరీ లేకుండా మాత్రం ఆ రోజు రాదు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఈ సంగతి మాకు తుపాను నేర్పింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద పడింది. స్తంభాలు వైర్లతో సహా రోడ్డుకి అడ్డంగా పడిపోయాయి. మా వీధికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. మా వెనకింటి మామ్మగారికి ఒక చిన్న సోలార్ ప్యానెల్, లారీ బ్యాటరీ లాంటిదొకటి ఉండేవి. గాలి మొదలవకముందే ప్యానెల్ దింపించి మంచం కింద పెట్టించారావిడ. వాన వెలిశాక అరుగు మీద ఆనించారు. ఇక వీధంతా అక్కడే. ఏ ఫోను ఎవరిదో తెలియడానికి తెల్ల ప్లాస్టరు ముక్కలు అంటించి పేర్లు రాసుకున్నాం, కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో. శ్రీకాకుళంలో ఉన్న మా అక్కకి "అందరం బాగున్నాం" అని చెప్పింది ఆ ఛార్జింగుతోనే.

ఆ నమ్మకంతో 2024లో మేడ మీద 3 కిలోవాట్లు పెట్టించాను. ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం పెట్టిన సూర్యఘర్ పథకంలో 78 వేలు సబ్సిడీ వచ్చింది. వచ్చే కరెంటూ పోయే కరెంటూ లెక్కపెట్టే మీటరుకి మారడానికే నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలల ఎండా వృథాయే. మరుసటి మే నెలలో ఒకనాడు మిట్టమధ్యాహ్నం లైను పోయింది. పైన మాడు పగిలే ఎండ, ఇంట్లో ఫ్యాన్ ఆగిపోయింది, ప్యానెల్ కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు. బిగించిన కుర్రాడికి ఫోన్ చేస్తే, "లైన్లో కరెంటు లేకపోతే ఇది ఆగిపోవాలి సార్, లేకపోతే స్తంభమెక్కినవాడికి షాక్ కొడుతుంది" అన్నాడు. సబబే. ఆ ముక్క అమ్మేటప్పుడు చెప్పాలి కదా! బ్యాటరీ ఉన్న మామ్మగారి చిన్న ప్యానెల్ చేసిన పని, బ్యాటరీ లేని నా మూడు కిలోవాట్లు చేయలేకపోయాయి.

దేశం లెక్కా ఇలాగే ఉంది. 2010లో కేంద్రం మొదలుపెట్టిన సోలార్ మిషన్ లక్ష్యం 20 వేల మెగావాట్లు, 2015లో లక్షకి పెంచారు, 2025 జనవరిలో ఆ లక్ష దాటాం. నాకు గర్వంగానే ఉంది. అయితే రాత్రుళ్లు, మబ్బులు కలిపి చూస్తే ఏడాదికి చేతికొచ్చేది ఆ సామర్థ్యంలో ఐదో వంతుకి అటూ ఇటూగా. సాయంత్రం ఏడింటికి ఇంటింటా లైట్లు, టీవీలు వేసే వేళకి సున్నా. ఆ వేళ మోసేది ఎక్కువగా బొగ్గే.

మా వైపు మాచ్‌ఖండ్, బలిమెల, ఇంద్రావతి లాంటి, నీళ్లతో కరెంటు తీసే జలాశయాలున్నాయి. పగలు ఎండతో నడుపుకుని, ఆ నీళ్లు సాయంత్రానికి దాచుకుంటే అవే బ్యాటరీలు. మిగిలిన పగటి కరెంటుతో కింది నీళ్లు మళ్లీ పైకి తోడుకోవచ్చు కూడా. కొండ ఊళ్లలో ప్రతి ఆరోగ్య కేంద్రానికీ ప్యానెల్‌తో పాటు బ్యాటరీ ఇచ్చి తీరాలి, తుపానొస్తే లైను చివరగా వచ్చేది వాళ్లకే.

నేనైతే బ్యాటరీకి డబ్బు కూడబెడుతున్నాను. ఈ అక్టోబరు లోపలే పెట్టించాలి.