మైనర్ లీగ్ నుంచి తిరిగొచ్చిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కాలేజీ వాళ్లు నిన్ను బేస్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా రమ్మన్నారని, నువ్వింకా జవాబు చెప్పలేదని మీ అమ్మ చెప్పింది. తెలుగు చదవడానికి నీకు టైం పడుతుంది కదా, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చదువు.

ఒప్పుకో నాన్నా. "డబుల్-ఏ దాకా కూడా వెళ్లలేదు, నేనేం నేర్పుతాను?" అన్నావట. బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పైదైన మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కిందిదే కదా డబుల్-ఏ. ఇక్కడ తల్లాహసీలో, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ గ్రౌండ్‌లో, కోచ్ మైక్ మార్టిన్ గారిని ఏళ్ల తరబడి చూశాను. ఆయనా మైనర్ లీగుల్లో ఆడి, మేజర్ లీగ్‌లో అడుగుపెట్టకుండానే ఆట ఆపేసినవారే. అయిదేళ్లు అసిస్టెంట్‌గా ఉండి 1980లో హెడ్ కోచ్ అయ్యారు. 2019లో దిగేసరికి 2,029 మ్యాచ్‌లు గెలిచారు. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో అప్పటిదాకా అన్ని ఎవరూ గెలవలేదు. ఒమాహాలో జరిగే కాలేజీల జాతీయ పోటీ, కాలేజ్ వరల్డ్ సిరీస్‌కు 17 సార్లు జట్టును తీసుకెళ్లినా కప్పు మాత్రం దక్కలేదు. ఆ ఓటములు చూసి నాకే రాత్రులు నిద్రపట్టేది కాదు. ఆయన మాత్రం మళ్లీ సీజన్ మొదలయ్యేసరికి కొత్త పిల్లలతో గ్రౌండ్‌లో ఉండేవారు.

నాకు బేస్‌బాల్ ఆడటం రాదు. పాఠం చెప్పడం మాత్రం ముప్ఫై ఏళ్లు చేశాను. మొదట్లో బోర్డు మీద లెక్క చకచకా చేసేసేవాణ్ణి. పిల్లలు తలలూపేవారు, పరీక్షలో తెల్ల కాగితాలిచ్చేవారు. నేను ఎక్కడ తడబడి నేర్చుకున్నానో చెప్పడం మొదలుపెట్టాకే వాళ్లకు ఎక్కింది. నువ్వూ బ్యాట్ లాక్కుని చేసి చూపించకు. "బంతి ఎక్కడ కనపడింది?" అని ముందు అడుగు.

నీకొక గొప్ప ఆస్తి ఉంది. కాలేజీ పిల్లలవి లోహపు బ్యాట్లు. ఒంటి వైపు లోపలికొచ్చిన బంతి సరిగ్గా తగలకపోయినా ఒక్కోసారి ఫీల్డర్లను దాటిపోతుంది, తప్పు వాళ్లకు తెలియదు. అదే ప్రొఫెషనల్ లీగుల్లో వాడే చెక్క బ్యాట్ అయితే చేతిలోనే విరుగుతుంది. నీవెన్ని విరిగాయో నువ్వే చెప్పేవాడివి. రేపు ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు వెళ్లే కుర్రాడికి ఆ సంగతి ముందే చెప్పగలిగేది నువ్వే. పైగా బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునే క్యాచర్‌వి, గ్రౌండ్ మొత్తం ఎదురుగా చూస్తూ ఆడినవాడివి.

కష్టమైన పని ఇంకొకటి ఉంది. ఇప్పుడు చాలా పెద్ద కాలేజీల్లో జట్టుకు 34 మందే. కొందరిని తీసేయక తప్పదు. నిన్ను తీసేసినప్పుడు రెండు నిమిషాల్లో చెప్పి పంపేశారని ఆ రాత్రి ఫోన్‌లో ఏడ్చావు, నేను మర్చిపోలేదు. నువ్వు అలా చేయకు. ఆ పిల్లాడిని కూర్చోబెట్టి, ఎందుకో అర్థమయ్యేలా చెప్పు. ఆడటానికి వేరే కాలేజీ ఉందేమో వాడితో పాటు నువ్వూ వెతుకు. వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేస్తే ఎత్తు.

జీతం మొదట్లో తక్కువే ఉంటుంది. అద్దె కష్టమైతే నేనున్నాను, మొహమాటపడకు.

డ్రాఫ్ట్ కోసం మూడో ఏడాది తర్వాత వదిలేసిన డిగ్రీ ఈలోగా పూర్తి చెయ్యి, కోచ్ ఉద్యోగాలకు అది అడుగుతారు. ఇంకా ఎన్ని క్రెడిట్లు మిగిలాయో కనుక్కుని ఆదివారం నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య