లిమిట్ తగ్గించారని బ్యాంకు మీద కోపమెందుకు?

ప్రశ్న: సార్, మాది విజయవాడ సింగ్‌నగర్. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కంపెనీలో అకౌంటెంట్‌ని. జీతం చేతికి 50 వేలు వస్తుంది, ఇంటి ఖర్చులు 32 వేలు. రెండు క్రెడిట్ కార్డులున్నాయి, ఒకటి 2 లక్షల లిమిట్, ఇంకోటి లక్ష. బుడమేరు వరదప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బండి రిపేరు అన్నీ కార్డు మీదే లాగించి, తర్వాత ఈఎంఐల్లో తీర్చేశాను. ఎమర్జెన్సీకి కార్డులున్నాయి కదా అని ఉన్న లక్ష ఎఫ్‌డీ వేశాను, మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 8 వేలు సిప్ కడుతున్నాను. ఆరు నెలల కిందట నాన్నగారికి స్టెంట్ వేశారు. సూర్యారావుపేటలో హాస్పిటల్ బిల్లు 1.80 లక్షలు పెద్ద కార్డు మీద కట్టాను. అప్పటి నుంచి నెలకు 9 వేలు, ఒక్కసారి కూడా డ్యూ డేట్ దాటకుండా కడుతున్నాను. ఇంకా 1.70 లక్షలు ఉంది. అయినా క్రెడిట్ స్కోరు 784 నుంచి 711కి పడింది, బ్యాంకు లిమిట్‌ని 1.75 లక్షలకు తగ్గించింది. అంతకు ముందే వేరే కార్డు కోసం ఒకే వారంలో మూడు చోట్ల అప్లై చేస్తే మూడూ రిజెక్ట్ అయ్యాయి. మా బావమరిది ఒక కార్డు గీకి ఇంకో కార్డు బిల్లు కట్టే రొటేషన్ చేయమంటున్నాడు, వన్‌టౌన్‌లో తెలిసిన షాపు ఉందట. స్కోరు పెంచుకుని లిమిట్ మళ్లీ ఎలా తెచ్చుకోవాలి?

జవాబు: మీ ప్రశ్నలో చివరి వాక్యం చదివి నాకు కొంచెం కోపం వచ్చింది, దాచుకోవడం ఎందుకు. ఆరు నెలల్లో 54 వేలు కట్టారు, బాకీ తగ్గింది 10 వేలు. ఇది చూసిన మనిషి ఈ అప్పు ఎలా వదిలించుకోవాలని అడగాలి. మీరేమో లిమిట్ ఎలా పెంచుకోవాలని అడుగుతున్నారు. ఇలా అడిగేవాళ్లు మీరొక్కరే అయితే ఇంత పొడుగ్గా రాసేవాణ్ణి కాదు.

మన వైపు లెక్కలోనే చెబుతాను. తెలిసినవాళ్లెవరైనా మూడు రూపాయల వడ్డీకి డబ్బిస్తామంటే అమ్మో అని గుమ్మం కూడా తొక్కం కదా. మీ కార్డుది దాదాపు మూడున్నర రూపాయల వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. 1.70 లక్షల మీద నెలకు సుమారు 7 వేలు అక్కడే పోతోంది. మీ లక్ష ఎఫ్‌డీ 7 శాతం చొప్పున ఏడాదంతా కష్టపడి తెచ్చేది కూడా అదే 7 వేలు! రోజూ అకౌంట్స్ రాసే మీకు ఇది కనపడలేదంటే, మినిమమ్ డ్యూ, అంటే బ్యాంకు ఆ నెలకు అడిగే కనీస మొత్తం, కట్టేస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే అనుకోవడం వల్లే. ఇంకోటి, బాకీ పూర్తిగా తీరేదాకా ఆ కార్డు మీద కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది, వడ్డీ లేని 45 రోజుల గడువు అప్పటిదాకా మర్చిపోండి.

స్కోరు సంగతికొస్తే, మీరు లేటు చేయలేదు, నిజమే, అక్కడ మచ్చ లేదు. కానీ ఇచ్చిన లిమిట్‌లో ఎంత వాడుతున్నారన్నది కూడా బాగా లెక్కలోకి వస్తుంది, 30 శాతం దాటించొద్దని అందరూ చెప్పేది అందుకే. మీరు ఒకేసారి 90 శాతం వాడేసి, ఆరు నెలలుగా దాదాపు అక్కడే ఉన్నారు. బ్యాంకు వైపు నుంచి చూడండి: ఈయన మినిమమ్ మాత్రమే కడుతున్నాడు, వారం రోజుల్లో మూడు చోట్ల కొత్త కార్డు అడిగాడు, అంటే చేతిలో డబ్బు ఆడట్లేదు. మిగిలిన కాస్తా వాడేయకముందే కత్తిరించేశారు. దాంతో మీరు పైసా ఖర్చు పెట్టకుండానే వాడకం 97 శాతానికి చేరింది. లిమిట్ పెంచాలంటే మీ అనుమతి తీసుకోవాలని ఆర్‌బీఐ నిబంధనల్లో ఉంది, తగ్గించడానికి మాత్రం మీకు తెలియజేస్తే సరిపోతుంది. పైగా స్కోరు 800 ఉన్నంత మాత్రాన లిమిట్ పెరిగిపోదు. సిబిల్ లాంటి సంస్థలు కట్టే స్కోరులో మీ జీతం ఉండదు, బ్యాంకు మాత్రం జీతం, ఉన్న ఈఎంఐలు, తన దగ్గర మీరు ఎలా కడుతున్నారన్నది అన్నీ చూసుకుని ఎంతివ్వాలో తేల్చుకుంటుంది. 2023 నవంబరులో ఆర్‌బీఐ కార్డు బాకీల మీద బ్యాంకులకు రిస్క్ వెయిట్ (ఆ అప్పులకు బ్యాంకు ఎంత సొంత పెట్టుబడి పక్కన పెట్టాలో తేల్చే లెక్క) 125 నుంచి 150 శాతానికి పెంచాక వాళ్ల చేయి ఇంకాస్త బిగిసింది కూడా.

అసలు తప్పు వరద తర్వాత జరిగింది. అప్పుడు కార్డు గట్టెక్కించింది కాబట్టి ఎమర్జెన్సీ ఫండ్ అంటే ఇదే అని ఫిక్సయిపోయారు. 2024 సెప్టెంబరు 1న మీ వీధిలోకి నీళ్లొచ్చినప్పటి రోజులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగ్ లేదు, అటు బయటికి రావాలన్నా, మంచినీళ్ల బాటిల్ కొనాలన్నా జేబులో నోట్లున్నవాడి మాటే చెల్లింది. కార్డు పనికొచ్చింది నీళ్లు తీశాక, షాపులు తెరిచాక. అప్పుడు కూడా మీ ఉద్యోగం ఉంది, బాకీలు లేవు, స్కోరు బాగుంది, అందుకే లిమిట్ నిండుగా ఉంది. జీతం ఆగిపోతే? కంపెనీ మూతపడి, అదే నెలలో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే? సరిగ్గా అప్పుడే బ్యాంకు కూడా వెనక్కి తగ్గుతుంది, మీకు జరిగింది దానికి శాంపిల్ మాత్రమే. లిమిట్ అనేది ఇంకొకరి డబ్బు, ఇస్తారో లేదో వాళ్లిష్టం. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు 1.92 లక్షలు, అది మీ పేరు మీద, అడగ్గానే చేతికొచ్చే చోట ఉండాలి. ఆ డబ్బు ఉండి ఉంటే నాన్నగారి బిల్లు మొత్తం అందులోంచే తీరిపోయేది, ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ఇక రొటేషన్. షాపులో ఏదో కొన్నట్టు ఒక కార్డు గీకుతారు, షాపువాడు కమీషన్ పట్టుకుని మిగతాది నోట్లిస్తాడు, వాటితో ఇంకో కార్డు బిల్లు కడతారు, వచ్చే నెల ఇటు నుంచి అటు. కమీషన్ నూటికి రెండున్నర అనుకున్నా ప్రతి నెలా రెండున్నర రూపాయల వడ్డీ కట్టినట్టే, అసలు అలాగే ఉంటుంది. పైగా మీ చిన్న కార్డు లక్ష, పెద్దదాని బాకీ 1.70 లక్షలు, మిగతా 70 వేలు ఎక్కడి నుంచి తెస్తారట? సరుకు లేకుండా స్వైప్ మెషీన్ మీద క్యాష్ ఇవ్వడమే నిబంధనలకు విరుద్ధం, బ్యాంకు పసిగడితే కార్డు బ్లాక్ చేస్తుంది. ఇప్పుడు ఒక కార్డు బాకీ ఉంది, అప్పుడు రెండూ మునుగుతాయి. బావమరిదిగారు మంచి కోరే చెప్పి ఉంటారు, ఆ షాపు వైపు మాత్రం వెళ్లకండి. తెలిసిన ఫైనాన్స్ అతని దగ్గర తెస్తానంటారేమో, 2015 డిసెంబరులో అధిక వడ్డీల కాల్ మనీ గొడవ ఎక్కడిదాకా వెళ్లిందో విజయవాడ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

చేయాల్సింది చెబుతా. ఎఫ్‌డీ తీసేయండి, వడ్డీలో కాస్త కోత పడుతుంది, పడనివ్వండి. అందులో 75 వేలు కార్డుకు కట్టండి. మిగతా 25 వేలు జీతం పడే బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకు ఖాతాలో వేసి, ఆ ఖాతాను ఫోన్‌పేకి, గూగుల్ పేకి లింక్ చేయకండి. ఇంత వడ్డీ పడుతుంటే 25 వేలు ఊరికే పెట్టడమేంటని మీలోని అకౌంటెంట్ అడుగుతాడు. లెక్క ప్రకారం ఆయనదే కరెక్ట్. కానీ చేతిలో సున్నా ఉంటే వచ్చే నెల నాన్నగారి మందులకో, బండి టైరుకో మళ్లీ కార్డే గీకుతారు, ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను.

మిగిలిన 95 వేలు ఈఎంఐగా మార్పించుకోండి. 16 శాతానికి, 12 నెలలకు ఇచ్చినా జీఎస్టీతో కలిపి 9 వేల లోపే పడుతుంది, అంటే ఇప్పుడు మీరు కడుతున్నదే, కాకపోతే ఇది ఏడాదిలో అయిపోతుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తెచ్చుకోవడం ఇంకా చవక, మీ ఆవిడ ఒప్పుకుంటేనే. సిప్ ఆపేయండి. అవును, ఆపమనే అంటున్నాను. ఆ 8 వేలు నెలనెలా 25 వేల పక్కకు చేరితే ఏడాదికి 1.21 లక్షలవుతుంది, ఈఎంఐ అయ్యాక ఆ 9 వేలూ కలిస్తే ఇంకో ఐదు నెలల్లో 1.92 లక్షలు దాటుతుంది. సిప్ మళ్లీ మొదలుపెట్టేది ఆ తర్వాతే. ఈ మధ్యలో మీకూ, మీ ఆవిడకూ సొంతంగా హెల్త్ పాలసీ తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. కంపెనీ ఇచ్చింది ఉద్యోగంతో పాటే పోతుంది.

స్కోరు గురించి మీరు ప్రత్యేకంగా చేయాల్సిందేమీ లేదు. ఎక్కడా కొత్తగా అప్లై చేయకండి, చిన్న కార్డు క్లోజ్ చేయకండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి వివరాలు పంపాలి కాబట్టి బాకీ తగ్గిన సంగతి త్వరగానే రిపోర్టులో కనిపిస్తుంది. అదెంతవరకు వచ్చిందో మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు, సిబిల్ లాంటి నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికొకసారి ఉచితంగా ఇవ్వాలి.

కార్డు స్టేట్‌మెంట్ ఏ తేదీన వస్తుందో చూసుకుని, దానికి రెండు రోజుల ముందే 75 వేలు కట్టేయండి. ఈఎంఐ కోసం ఫోన్ చేసేది అది జమ అయ్యాకే, ముందే చేస్తే మొత్తం 1.70 లక్షలకూ ఈఎంఐ వేసేస్తారు. 24 నెలలైతే తక్కువ పడుతుంది సార్, 36 అయితే ఇంకా తక్కువ అంటారు, మీరు 12 దగ్గరే ఉండండి.